అక్క పెళ్ళికి కట్నం ఎందుకిచ్చావని అడిగాడు, నేను అరిచేశాను

ప్రశ్న:

మాది సూర్యాపేట. నాకు 55, గవర్నమెంట్ టీచర్ని, పాతికేళ్ళుగా యూనియన్‌లో ఉన్నా. మా నాన్నగారు తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో పదిహేనేళ్ళు కూడా నిండకముందే ఇంట్లో చెప్పకుండా సంఘంలోకి పోయి దళాలకు చీటీలు మోసిన మనిషి, కాలం చేసి ఆరేళ్ళయింది. మా అబ్బాయి హైదరాబాద్‌లో బీటెక్ సెకండియర్, హాస్టల్లో ఉంటాడు. దసరాకి ఇంటికొచ్చి, బంధువులందరి ముందు రిజర్వేషన్లు కులాన్ని బట్టి కాదు ఆదాయాన్ని బట్టి ఇవ్వాలి, నాకంటే వెనక ర్యాంకు వచ్చినోడికి మంచి కాలేజీలో సీటొచ్చింది అని మొదలుపెట్టాడు. నేను ఆగలేక తాత పేరు చెడగొట్టావు, నువ్వు ఈ ఇంట్లో పుట్టాల్సినోడివి కాదు అన్నా. వాడు నిదానంగా, మరి అక్క పెళ్ళికి మన కులంలోనే ఎందుకు చూశావు, కట్నం ఎందుకిచ్చావు అన్నాడు. అప్పుడు అరిచేశాను. రెండు నెలలుగా నాతో మాటల్లేవు, వాళ్ళమ్మకి మాత్రం రోజూ ఫోన్ చేస్తాడు. ఓటు కూడా వచ్చింది, ఎటేస్తాడో తెలీదు. ఫోనే చెడగొట్టింది, నెల డబ్బులు ఆపితే దారికొస్తాడు అంటున్నాడు మా బావమరిది. వచ్చే నెల యూనియన్ సభ ఉంది, అక్కడికి తీసుకుపోయి పెద్దవాళ్ళతో నాలుగు మాటలు చెప్పిద్దామా అని కూడా ఉంది. పిల్లలకి మన విలువలు నేర్పకూడదా? వాళ్ళ ఇష్టానికి వదిలేయాలా?

జవాబు:

సార్, ముందు డబ్బుల సంగతి. ఆపకండి. మీ బావమరిది మంచికే చెప్పి ఉండొచ్చు గానీ, ఈ ఒక్క పనితో మీరు వాడికి నేర్పేదేంటంటే మా ఇంట్లో అభిప్రాయానికి రేటుంది, నాన్నకి నచ్చినట్టు మాట్లాడితే మెస్ బిల్లు కడతారు లేకపోతే లేదు అని. దానివల్ల వాడి ఆలోచన మారదు, మీ ముందు నోరు మూసుకోవడం అలవాటవుతుంది అంతే, నెల తిరిగేసరికి మీకు కావాల్సిన మాటలన్నీ చెప్పేసి లోపల వేరేగా ఉంటాడు. దొర మాటకి ఎదురు చెప్తే బతుకు తెల్లారిపోయే రోజుల్లో తిరగబడ్డ మనిషి మనవడు వాడు, వాడికి ఈ శిక్ష వేస్తే మీకే నిద్ర పట్టదు.

ఇక మీ ఉత్తరం చదువుతూ నేను ఎక్కువసేపు ఆగింది కట్నం దగ్గర. వాడు మిమ్మల్ని దెబ్బ కొట్టడానికే అది అన్నాడని మీకు అనిపించింది, కొంత కోపం ఉండే ఉంటుంది, అందరి ముందు నువ్వు ఈ ఇంట్లో పుట్టాల్సినోడివి కాదు అనిపించుకున్న పిల్లాడికి కోపం రాకుండా ఎలా ఉంటుంది. కానీ ఆ ప్రశ్న మీ పాఠాన్ని మీకే తిరిగి అప్పజెప్పినట్టుంది నాకు. కులం చూడకూడదని పుట్టినప్పటి నుంచి విన్నాడు, ఇంట్లో జరిగిన పెళ్ళి చూశాడు, రెండూ పక్కపక్కన పెట్టుకుంటే కలవలేదు, అడిగాడు. పిల్లలు సొంతంగా ఆలోచించాలి అని మీరు స్కూల్లో చెప్పేది ఇదే కదండీ. ఇంట్లో మన మీదకే వచ్చేసరికి కష్టంగా ఉంటుంది.

ఇది మీ ఒక్కరి ఇంట్లోనే ఏం లేదు. పొద్దున సభలో అంబేద్కర్ ఫోటోకి దండేసి సాయంత్రం మ్యాట్రిమోనీ సైట్‌లో కులం కాలమ్ నింపే ఇళ్ళు అన్ని పార్టీల్లో, అన్ని యూనియన్లలో ఉన్నాయి, అమ్మాయి తండ్రిగా మీ మీద ఎంత ఒత్తిడి ఉండి ఉంటుందో నేను ఊహించుకోగలను. ఆ ఒత్తిడి గురించే వాడికి చెప్పండి. ఎవరు అడిగారు, ఎంత అడిగారు, ఎక్కడ గట్టిగా వద్దనాలనుకుని అనలేకపోయారు, సంబంధం తప్పిపోతుందని భయపడ్డారా, అమ్మాయిని అసలు అడిగారా, ఇవన్నీ ఉన్నదున్నట్టు. అది కట్నం కాదు మా బిడ్డకి మేం ఇష్టంగా పెట్టుకున్నాం అని మాత్రం అనకండి, వాడు సరిగ్గా ఆ జవాబు కోసమే కాచుకుని ఉంటాడు. 1961 వరకట్న నిషేధ చట్టంలో తీసుకోవడమే కాదు ఇవ్వడం కూడా నేరమే, ఆ ముక్క క్లాసులో పిల్లలకి మీరే చెప్పి ఉంటారు. ఇంకో మాట, మీ అమ్మాయి. తన పెళ్ళి పండగనాడు అందరి ముందు వాదనలో ఒక పాయింట్ అయిపోయింది, తన గురించి మీ ఉత్తరంలో ఒక్క లైను కూడా లేదు. తనకి ఫోన్ చేయండి ముందు.

నాస్తిక ఉద్యమం నడిపిన విజయవాడ గోరా గారి ఇంటి సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టారాయన. పేరు వల్ల ఎవరూ ఏమీ అయిపోరు లెండి, లెనిన్ అని పేరుండి షేర్ మార్కెట్ టిప్స్ ఇచ్చే కుర్రాళ్ళు కూడా ఉంటారు. కానీ ఆ ఇంట్లో కూతురు మనోరమ పెళ్ళి 1948లో సేవాగ్రామ్‌లో దళిత యువకుడితో జరిగింది, తర్వాత లవణం గారు దళిత కవి జాషువా గారి అమ్మాయి హేమలతని చేసుకున్నారు. ఆ తండ్రి ఇచ్చిన ఉపన్యాసాల కంటే ఈ పెళ్ళిళ్ళే ఆ పిల్లల్ని ఆ దారిలో నిలబెట్టాయని నా నమ్మకం. అందరం గోరా కాలేం, జరిగిన పెళ్ళి ఇప్పుడు మార్చలేం కూడా. రేపు మీ అబ్బాయి పెళ్ళి మాటలొచ్చినప్పుడు ఒక్క రూపాయి తీసుకోను అని, వాడు ఎవర్ని ఇష్టపడినా కులం అడగను అని ఇప్పుడే వాడి ముందు అనగలరా? అనగలిగితే అనండి, అనలేకపోతే ఎందుకు అనలేకపోతున్నారో అది చెప్పండి. రెండోదానికీ విలువుంది.

ఫోనే చెడగొట్టింది అని మీ బావమరిది అన్నారు. కొంత ఉండొచ్చు, రీల్స్‌లో ఒకటి చివరిదాకా చూస్తే అలాంటివే ఇంకో పది తెచ్చి పెడుతుంది. కానీ ఎలియాస్ దినాస్ అనే పొలిటికల్ సైంటిస్ట్ 2014లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది, అమెరికా, బ్రిటన్ కుటుంబాల మీద చేసింది. రాజకీయాలు బాగా మాట్లాడుకునే ఇళ్ళలో పిల్లలు చిన్నప్పుడు అమ్మానాన్నల పార్టీనే పట్టుకుంటారట, అయితే పెద్దయి బయటికి వెళ్ళాక దాన్ని వదిలేసే అవకాశం కూడా వీళ్ళలోనే ఎక్కువట. ఎందుకంటే ఇంట్లోనే ఆ ఆసక్తి అంటుకుంది కాబట్టి బయట కూడా వీళ్ళే ఎక్కువ వింటారు, ఎక్కువ వాదిస్తారు, కొత్తవి తగులుతాయి. అక్కడి లెక్కలు మన సూర్యాపేటకి అచ్చంగా సరిపోతాయని కాదు గానీ, మీ అబ్బాయి విషయంలో నాకు ఇది నిజమే అనిపిస్తోంది. రాజకీయాలు పట్టని ఇంట్లో పుట్టి ఉంటే దసరాకి వచ్చి బిర్యానీ తిని పడుకునేవాడు.

రిజర్వేషన్ల మాటకొస్తే, మీరు వాడితో ఏకీభవించక్కర్లేదు, నేనూ ఏకీభవించను. అయినా వాడడిగింది తీసిపారేసే ప్రశ్న కాదు. ఆదాయాన్ని బట్టి ఇచ్చే పది శాతం ఈడబ్ల్యూఎస్ 2019లో రాజ్యాంగ 103వ సవరణతో వచ్చేసింది, సుప్రీంకోర్టు 2022 నవంబర్‌లో ముగ్గురు జడ్జీలు అవునని ఇద్దరు కాదని దాన్ని నిలబెట్టింది. కాదన్న ఇద్దరిలో అప్పటి చీఫ్ జస్టిస్ లలిత్ గారు ఒకరు, ఎస్సీ ఎస్టీ ఓబీసీల్లో ఉన్న పేదల్ని దీంట్లోంచి బయట పెట్టడం ఎలా సమానత్వం అవుతుంది అన్నది వాళ్ళ అభ్యంతరం. అంత పెద్ద కోర్టులో ఐదుగురు జడ్జీలు చీలిపోయిన చోట ఒక సెకండియర్ కుర్రాడికి డౌట్ వస్తే అది తాత పేరు చెడగొట్టడం ఎలా అవుతుంది? ఇంకోటి గమనించండి, ఈడబ్ల్యూఎస్‌కి కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండాలి, పాతికేళ్ళ సర్వీసున్న మీ జీతానికి అది దాటిపోయి ఉంటుంది, అంటే వాడు అడుగుతున్న పద్ధతి రేపే వచ్చినా వాడికి ఆ కోటాలో సీటు రాదు. స్వార్థంతో మాట్లాడుతున్నాడని అనుకునే ముందు ఇది చూసుకోండి. వాడికి ఇది తెలుసో లేదో కూడా అడగొచ్చు, ఎగతాళిగా కాకుండా మామూలుగా.

అసలు వాదనలో ఒక్క ప్రశ్న పెట్టుకోండి ఇద్దరూ: ఏం తెలిస్తే నీ అభిప్రాయం మారుతుంది? వాడు చెప్పాక మీరూ చెప్పాలి. వెనక ర్యాంకులో సీటొచ్చిన ఆ క్లాస్‌మేట్ వాళ్ళ నాన్న ఏం చేస్తాడు, ఇంట్లో వాడికంటే ముందు ఎవరైనా కాలేజీ మెట్లెక్కారా, హాస్టల్ రూములో కులం అడుగుతారా అడగరా, ఇవి మీ అబ్బాయికి మీకంటే బాగా తెలిసే చోటు, అక్కడినుంచి వాడినే చెప్పనివ్వండి. 2024 ఆగస్టులో ఎస్సీ వర్గీకరణ తీర్పు వచ్చినప్పుడు మీ యూనియన్‌లో అందరూ ఒకే మాట మీద ఉన్నారా? లేకపోతే ఆ గొడవ కూడా చెప్పండి, మీ వైపు అందరూ ఒకేలా ఆలోచిస్తారని వాడికున్న అపోహ పోతుంది.

ఒక్క చోట మాత్రం మెత్తబడొద్దు. విధానం మీద ఎంతైనా వాదించనివ్వండి, కానీ ఆ క్లాస్‌మేట్‌ని కోటాగాడు అన్నాడనుకోండి, కులం పేరు పెట్టి వెకిలి జోక్ వేశాడనుకోండి, అక్కడ ఆపి ఆ మాట ఈ ఇంట్లో వద్దు అని చెప్పేయండి. నేర్పాలా వదిలేయాలా అని మీరు అడిగినదానికి నా జవాబు దాదాపు ఇంతే. మనిషిని మనిషిగా చూడటం ఇంటి రూలు, దాంట్లో బేరం లేదు. ఏ పార్టీ, ఏ చట్టం, ఎంత శాతం అన్నవి వాడు తేల్చుకుంటాడు.

తాతగారి గురించి కూడా ఒక మాట. దొడ్డి కొమరయ్య, చాకలి ఐలమ్మ, 1952 ఎన్నికల్లో రావి నారాయణరెడ్డి గారికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడటం, ఇవన్నీ వాడు అన్నంతో పాటు విని ఉంటాడు. వినని కథలు ఉన్నాయి కదా, అవి చెప్పండి. దళాల్లో తుపాకీ పట్టిన ఆడవాళ్ళకి 1951లో పోరాటం ఆపేశాక ఇక ఇళ్ళకి పోండి అని చెప్పేశారు, దాని గురించి వాళ్ళు ముసలితనంలో ఎంత బాధతో మాట్లాడారో మీకు తెలుసు. 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలినప్పుడు ఒకే కంచంలో తిన్నవాళ్ళు ఎదురుపడితే మొహం తిప్పుకున్నారు, మీ నాన్నగారు కూడా ఏదో ఒక వైపు తేల్చుకునే ఉంటారు, ఎవరితోనో మాటలు పోయే ఉంటాయి. ఎప్పుడూ తప్పు చేయని తాత అంటే గోడ మీద ఫోటోనే, ఆయనతో పోల్చుకుని పిల్లాడు ఏం చేయగలడు. ఇంట్లో చెప్పకుండా సంఘంలోకి పోయినప్పుడు ఆయన వయసు మీ అబ్బాయి ఇప్పటి వయసు కంటే తక్కువ, అప్పుడు వాళ్ళ నాన్న ఏమన్నాడో మీకు తెలిస్తే అది కూడా.

ఓటు గురించి భయపడుతున్నారు. ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గాక జరిగిన మొదటి లోక్‌సభ ఎన్నిక 1989ది, లెక్క చూస్తే మీరు ఆ బ్యాచే. మీ నాన్నగారు అప్పుడు మీ బ్యాలెట్ పేపర్ తొంగి చూశారా? ఎవరికి వేశావు అని అడగకండి, వేశావా అని అడగండి చాలు.

ఇప్పుడు మాటలు ఎలా మొదలుపెట్టాలి. వాళ్ళమ్మని మధ్యలో పెట్టకండి, రెండు నెలలుగా ఆవిడే ఇద్దరి మాటలూ మోస్తోంది. మీరే మెసేజ్ పెట్టండి, మీ భాషలోనే, చిన్నగా: "దసరానాడు అందరి ముందు నిన్ను అట్ల అన్నా, తప్పు నాదే. అక్క పెళ్ళి గురించి నువ్వడిగిన దానికి జవాబు చెప్తా, ఆ జవాబు నాకు కూడా నచ్చదు. ఆదివారం నేనే వస్తా, టిఫిన్ చేద్దాం." రిజర్వేషన్ల మాట అందులో వద్దు, లింకులూ వీడియోలూ అసలే వద్దు. బ్లూ టిక్ పడి జవాబు రాకపోతే ఇంకో వారం ఆగి ఇంకోసారి పెట్టండి, హాస్టల్ దగ్గరికి చెప్పకుండా మాత్రం వెళ్ళకండి, ఫ్రెండ్స్ ముందు ఇంకో సీన్ అవుతుంది. కలిసిన మొదటి రోజు మీరు మాట్లాడేది తక్కువ ఉండాలి, టీచర్లకి ఇది కష్టమని నాకు తెలుసు. తిట్టింది అందరి ముందు కాబట్టి, సంక్రాంతికి అదే బంధువులు కూడినప్పుడు ఆ రోజు నేనన్నది సరికాదు అని ఒక్క వాక్యం అనేయండి, ఉపన్యాసం అక్కర్లేదు.

యూనియన్ సభకి ఇప్పుడు తీసుకెళ్ళకండి. అక్కడ అరవై మంది పెద్దవాళ్ళ మధ్య వాడొక్కడినీ నిలబెట్టి నాలుగు మాటలు చెప్పించడం అంటే పంచాయితీ పెట్టినట్టే ఉంటుంది. మీ మధ్య మాటలు కుదుటపడ్డాక ఎప్పుడైనా వాడంతట వాడే వస్తానంటే వెంటబెట్టుకెళ్ళండి, అక్కడ లేచి స్టేజీ మీద ఆడవాళ్ళు ఎందుకు లేరనో ఇంకేదో అడిగితే పక్కనుంచి చొక్కా లాగి కూర్చోబెట్టకుండా ఉంటే చాలు.