అటక మీది డబ్బాలు

అల్లుడూ,

నౌకరి ఇడిచిపెట్టి హన్మకొండ చౌరస్తాల బోర్డు గేముల దుకాణం పెడ్తనన్నవు. మీ అత్తకు చెప్తె "పచ్చీసు ఆడుకుంట బతుకుతడా" అని నవ్వింది. నేను నవ్వలే. ముప్పై ఏండ్లు క్యారంబోర్డులు, బొమ్మలు అమ్మినోన్ని, అందుకే రాస్తున్న.

డబ్బాలు నింపకు. ఒక దసరాకు హోల్‌సేల్ ఆయన మాట పట్టుకొని నేను ఇరవై రకాలు దించిన. పోరగాండ్లు వచ్చుడు, డబ్బా తిప్పి చూసుడు, ఫోన్ల ధర కొట్టి చూసుకొని పోవుడు. నాకు పడ్డ ధర కన్న ఆన్‌లైన్ల తక్కువకు దొరుకుతుండె. ఇగ ఏం అమ్ముత?

పెద్ద గేములు కొన్నయితె దుకాణం మొఖమే చూస్తలేవు. కిక్‌స్టార్టర్ అనే వెబ్‌సైటుల ఆడేటోల్లే ముందుగాల పైసలు కడ్తరు, గేము తర్వాత అచ్చయితది. ఫ్రాస్ట్‌హేవెన్ అనే గేముకు 2020ల దాదాపు కోటి ముప్పై లక్షల డాలర్లు గట్లనే జమైనయి. వార్‌హ్యామర్ అంటవా, అది చిన్న బొమ్మల సైన్యంతోని ఆడే యుద్ధం ఆట, బొమ్మలు కొని, అతికించి, రంగులేసుకోవాలె. మన దిక్కు అంత పెట్టేటోల్లు తక్కువ. పెట్టగలిగినోడు బొమ్మలు ఇంట్లనే చేసుకునేటందుకు త్రీడీ ప్రింటరే కొంటడు. దాని జోలికి పోకు.

నీ సరుకు బల్ల. కూసొని ఆడేటోల్ల దగ్గర గంటకింత అని తీసుకో. చౌరస్తాల కింది మడిగె అద్దె నిన్ను మింగుతది. ఎన్ఐటీ దిక్కు మేడ మీద గది చూడు, హాస్టల్ పిల్లలు నడిచొస్తరు. పరీక్షలప్పుడు, సెలవులల్ల ఈగలు తోలుకుంటవ్, ఆ నెలల అద్దె ముందే పక్కకు పెట్టు.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ మాత్రం ఇడవకు. తలా ఒక పాత్ర పట్టుకొని కథ అల్లుకుంట ఆడే ఆట అది, 1974ల పుట్టింది, ఇంకా జోరుగనే ఉన్నది. ఒక పుస్తకం, పాచికలు ఉంటె ఐదుగురు మూడు గంటలు కదలరు. దాని నియమాలు వేరేటోల్లు వాడుకునే లైసెన్సును 2023 జనవరిల కంపెనీ మార్చబోతె ఆడేటోల్లు తిరగబడ్డరు. వెనుకకు తగ్గి మూల నియమాలను ఎవ్వరైన వాడుకునేటట్టు క్రియేటివ్ కామన్స్ అనే లైసెన్సు కింద ఇడిచిపెట్టిండ్రు. మూలం పేరు చెప్పి వాటిని మన తెలుగుల రాసుకోవచ్చు. ఆ పని నువ్వే చెయ్యి. రూల్సు పుస్తకం చేతిల పెడ్తె ఎవ్వడు చదువడు, పది నిమిషాలల్ల నోటితోని చెప్పాలె.

బల్ల కాడ ఆడేటోల్లు లేసినప్పుడల్ల గేము గింజలు లెక్కపెట్టుకో. ఒక్కటి పోతె గేము మొత్తం పాయె. ఛాయ్ గ్లాసులు పక్క స్టూలు మీదనే.

నేను దించిన ఇరవైల ఏడెనిమిది డబ్బాలు సీలు ఇప్పకుంట ఇంకా అటక మీదనే ఉన్నయి. అమ్ముడుపోవు కాని ఆటకు పనికొస్తయి. ఆదివారం ఆటో మాట్లాడుకొని రా.

మీ మామ