సర్వేలో చెప్పుకున్న దెబ్బలు: నేను పోలీసులకు చెప్పి తీరాలా?

ప్రశ్న: విశాఖలో ఒక ప్రజారోగ్య పరిశోధన కోసం ఇంటింటికీ తిరిగి ప్రశ్నలు అడిగే పని చేస్తున్నాను. భర్త హింస, ఇంటి నిర్ణయాల్లో భార్య మాట ఎంతవరకు చెల్లుతుంది అన్నవి మా ప్రశ్నలు. గాజువాక వైపు ఒకావిడ చేతి మీద వాతలు చూపించి, "ఎవులికీ సెప్పకమ్మా" అంది. చెప్పనని మాటిచ్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చెప్పకపోతే నేను నేరం చేసినట్టా? రేపు కోర్టు మా కాగితాలు అడిగితే?

జవాబు: నేరం కాదు. ముందు ఆ భయం వదిలేయండి. గృహహింస జరుగుతోందని నమ్మడానికి కారణం ఉన్న ఎవరైనా రక్షణ అధికారికి, అంటే ఇలాంటి కేసులు చూసే ప్రభుత్వ అధికారికి, సమాచారం ఇవ్వవచ్చు అంటుంది 2005 గృహహింస చట్టం 4వ సెక్షన్. సదుద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసూ ఉండదు. కానీ అందులో ఉన్నది "ఇవ్వవచ్చు", "ఇచ్చి తీరాలి" కాదు. హత్య వంటి కొన్ని నేరాలు తెలిస్తే చెప్పి తీరాలంటూ పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 33వ సెక్షన్‌లో ఒక జాబితా ఉంది. భార్య పట్ల క్రూరత్వం, అంటే ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 85, పాత 498ఏ, ఆ జాబితాలో లేదు. పైగా 85 కింద పోలీసులు నేరుగా కేసు కట్టాలంటే ఆవిడో, ఆవిడ బంధువో ఫిర్యాదు ఇవ్వాలి. మీరు స్టేషన్‌కి వెళ్తే కేసు నిలుస్తుందో లేదో గానీ, ఆ కబురు మాత్రం సాయంత్రానికి ఆ ఇంటికి చేరుతుంది. దాని ఫలితం అనుభవించేది ఆవిడ, మీరు కాదు.

ఒక్క చోట మాత్రం చట్టం మీకు వెసులుబాటు ఇవ్వదు. మీతో మాట్లాడిన అమ్మాయికి 18 ఏళ్లు నిండకపోయి, లైంగిక హింస ఉందని తెలిస్తే, పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం, 19వ సెక్షన్ ప్రకారం చెప్పి తీరాలి. పెళ్లయింది కదా అనే మాట చెల్లదు. 18 ఏళ్లలోపు భార్య విషయంలో భర్తకు ఉన్న మినహాయింపును 2017లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇక మీ కళ్లముందే ప్రాణం మీదికి వస్తే ఏ కాగితమూ చూడకుండా 112కి ఫోన్ చేయండి.

మీ కాగితాల సంగతి. వకీలుకు చెప్పుకున్న మాటకు చట్టం రక్షణ ఇస్తుంది, పరిశోధకులకు చెప్పుకున్నదానికి ఇవ్వదు. కోర్టు సమన్లు పంపితే చూపించాల్సి రావచ్చు. అందుకే ప్రశ్నల షీటు మీద పేరు, ఇంటి నంబరు రాయకండి, కోడ్ నంబరు చాలు. ఏ కోడ్ ఎవరిదో చెప్పే జాబితాను వేరే చోట తాళం వేసి ఉంచమని మీ పైవాళ్లను గట్టిగా అడగండి. సమ్మతి పత్రం చదివి వినిపించేటప్పుడు "కోర్టు అడిగితే తప్ప" అన్న మాట కూడా చెప్పండి. అది చెప్పకుండా ఇచ్చిన హామీ నిజమైన హామీ కాదు.

మీ పని చిన్నదని మాత్రం అనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 30 శాతం మంది భర్త హింస చవిచూశామన్నారు. ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం తప్పు కాదన్నవాళ్లు దాదాపు 84 శాతం. ఆ రెండో అంకె చదివిన రోజు నేను చాలాసేపు ఏ ఫైలూ ముట్టుకోలేకపోయాను. దెబ్బలు తిన్నవాళ్లలో దేశం మొత్తం మీద సాయం అడిగింది 14 శాతం మందే. ఆవిడ మీకు చెప్పిందంటే, బహుశా మొదటిసారి నోరు విప్పింది.

అందుకే ఆవిడ తరఫున మీరు నిర్ణయం తీసుకోవద్దు. దారి ఎటు ఉందో చెప్పండి, అదీ ఒంటరిగా ఉన్నప్పుడే. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లు మొదట అడిగేది దెబ్బల గురించి కాదు. "ఇల్లు ఆయనది కదమ్మా, గెంటేస్తే ఎక్కడికెళ్లాలి?" అంటారు. ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు గృహహింస చట్టం 17వ సెక్షన్ ఇస్తుంది. అత్తమామల పేరున ఉన్న ఇంటికీ ఈ హక్కు వర్తించవచ్చని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అర్జీ వేశాక మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లో పడాలని చట్టంలోనే ఉంది. ఆదాయంతో పని లేకుండా ప్రతి మహిళకూ న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, ఫోన్ 15100. మహిళా హెల్ప్‌లైన్ 181.

దెబ్బలకు కేజీహెచ్‌కి వెళ్లినా, మరే ఆసుపత్రికి వెళ్లినా, ఫిర్యాదు లేదని వైద్యం నిరాకరించకూడదు. పరీక్ష నివేదిక నకలు ఉచితంగా ఇవ్వాలి. గృహహింస అని చెబితే ఆసుపత్రి రక్షణ అధికారికి నివేదిక పంపాల్సి ఉంటుంది, ఆ సంగతి ఆవిడకు ముందే తెలియాలి.

నంబర్లు కాగితం మీద రాసివ్వకండి, భర్త కంటపడుతుంది. రేషన్, గ్యాస్, 108తో కలిపి చెప్పి, నోటికి వచ్చేదాకా ఆవిడ చేత రెండుసార్లు పలికించండి.