టర్బో కారుకు ‘ఉస్స్’ శబ్దం: కేసు అవుతుందా?

ప్రశ్న: నాది టర్బో పెట్రోల్ కారు. గాలిని ‘ఉస్స్’మని బయటికి వదిలే బ్లో-ఆఫ్ వాల్వ్ పెట్టించాలనుంది. ఆర్టీఓ వాళ్లు పట్టుకుంటారా? తిరుమల ఘాట్‌లో ఇబ్బందేమైనా ఉంటుందా? – ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఈ వాల్వ్‌ను పేరుపెట్టి నిషేధించిన సెక్షన్ లేదు. అంతమాత్రాన పెట్టించుకోవచ్చని కాదు. మోటారు వాహనాల చట్టం 182ఎ(4) ప్రకారం అనుమతి లేని పార్టు బిగించి బండిని మారిస్తే యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. శబ్దం, పొగ పరిమితి దాటితే అదే చట్టంలోని 190(2) కింద కేసు వేరే. అందులో మొదటిసారే 10,000 దాకా పడొచ్చు, లైసెన్సుకూ మూడు నెలలు గండం. ‘ఏం కాదు సార్’ అనే మెకానిక్ మీ చలానా కట్టడు.

అసలు బాధ ఇంజిన్‌కు. ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న కారులో లోపలికొచ్చిన గాలిని ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ముందే లెక్కగట్టి, దానికి తగ్గ పెట్రోల్ పోస్తుంది. ఆ గాలిని మీరు బయటికి వదిలేస్తే పెట్రోల్ ఎక్కువైపోతుంది. ఘాట్‌లో ప్రతి మలుపుకూ యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తారు కదా, తీసినప్పుడల్లా ఇదే తంతు: నల్లపొగ, ప్లగ్గులకు మసి, ఐడిలింగ్‌లో ఆగిపోవడం, చివరికి పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌కు ఎసరు. గాలి ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ మాత్రమే ఉంటే ఈ తంటా తక్కువ, కేసు భయం మాత్రం అంతే.

కారుతో వచ్చిన కంపెనీ వాల్వ్ ఆ గాలిని బయటికి వదలకుండా, టర్బోలోకి గాలి వెళ్లే దారిలోకే తిప్పి పంపుతుంది. పికప్ తగ్గిందనిపిస్తే దాని డయాఫ్రమ్ (లోపలి పలుచని పొర) చిరిగిందేమో, వాక్యూమ్ గొట్టం పగిలిందేమో చూపించి, అదే రకం కొత్తది వేయించండి. ఇప్పటికే బయటికి వదిలేది బిగించి ఉంటే విప్పేసి, రిటర్న్ గొట్టం క్లిప్పులతో సహా తిరిగి పెట్టించండి.