చిత్తం మహాప్రభో: పదిమందితో ఆడే సాకుల ఆట

పండగకు ఇంట్లో పదిమంది చేరతారు, పెద్దలూ పిల్లలూ కలిసి నవ్వుకునే కార్డుల ఆట ఏదైనా ఉందా అని అడిగారు. మేము మూడేళ్లుగా సంక్రాంతి రాత్రి ఆడుతున్నది చెబుతాను.

అసలు పేరు ‘సీ, ఓస్కూరో సిన్యోరే!’. 2005లో ఇటలీలో వచ్చింది. ఇంగ్లీషులో ‘ఆయ్, డార్క్ ఓవర్‌లార్డ్!’ అన్నారు, ‘చిత్తం, చీకటి ప్రభూ!’ అని అర్థం. (గోదావరి జిల్లాలవారికి ఆ ‘ఆయ్’ సొంత మాటలాగే వినిపిస్తుంది.) ఒకరు రాక్షసరాజు రిగోర్ మోర్టిస్. మిగతావాళ్లు ఆయన అప్పగించిన పని చెడగొట్టుకుని వచ్చిన భటులు. ఎందుకు చెడిందని ఆయన గద్దిస్తే, అప్పటికప్పుడు సాకులు అల్లాలి. 4 నుంచి 16 మంది వరకు ఆడవచ్చు, ఏడెనిమిది మంది ఉంటే రంజుగా ఉంటుంది.

చేతిలో రెండు రకాల కార్డులుంటాయి. బొమ్మ కార్డు వేస్తే అందులోని మనిషో వస్తువో చోటో మీ కథలోకి రావాలి. రెండో రకంతో తప్పును ఇంకొకరి మీదికి నెట్టవచ్చు, లేదా ఎదుటివాడి కథకు అడ్డుపుల్ల వేయవచ్చు. నెట్టేటప్పుడు ఊరికే వేలు చూపితే కుదరదు, ఒక బొమ్మ కార్డు కూడా వేసి అది వాడి తప్పెలా అయిందో చెప్పాలి. తడబడినా, మాట మార్చినా, మర్యాద తగ్గినా ప్రభువు గుడ్లురుముతాడు. మూడోసారి ఉరిమితే ఆ భటుడు ఓడినట్టే, ఆట అక్కడితో సరి. మార్కులు లేవు. ‘మరి గెలిచిందెవరు?’ అని అడిగే మా బావగారి వంటివారికి ఇది తీరని లోటు.

మొదటి ఏడు పెట్టె తెచ్చి ఆడితే చప్పగా సాగింది. గోబ్లిన్ (పాశ్చాత్య కథల్లోని పొట్టి భూతం) గురించి మా పిన్ని ఏం చెబుతుంది? మరుసటి ఏడు పాత శుభలేఖలు కత్తిరించి, వెనుక మా మాటలే రాసుకున్నాం: గ్యాసు బండ, మేనత్త, పల్లెవెలుగు బస్సు, ప్రోగ్రెస్ కార్డు. అసలు మార్పు మాత్రం పెదనాన్నను ప్రభువుగా కూర్చోబెట్టడంతో వచ్చింది. ముప్పై ఏళ్లు హెడ్మాస్టరుగా పనిచేసి, సాకులు వినడంలో తలపండిన మనిషి. కళ్లజోడు ముక్కు కొసకు దించి, ‘పొరుగు రాజ్యం నుంచి తెమ్మన్న ఆవకాయ జాడీ ఏది?’ అన్నారు.

పిన్ని లేచి చేతులు కట్టుకుంది. ‘చిత్తం మహాప్రభో, తెస్తున్నాం. దారిలో గ్యాసు బండ అబ్బాయి ఆపి, ఖాళీది ఇస్తేగాని కదలనివ్వనన్నాడు. మా దగ్గర ఖాళీగా ఉన్నది జాడీ ఒక్కటే.’

‘జాడీ ఎలా ఖాళీ అయింది?’ పెదనాన్న తలెత్తకుండానే అడిగారు.

పిన్ని కాసేపు నీళ్లు నమిలి, టపీమని రెండు కార్డులు వేసింది. ‘అల్లుడుగారిని అడగండి ప్రభూ. పల్లెవెలుగు బస్సు మూడు గంటలు ఆలస్యమైతే, అన్నం లేకుండానే నాకేశారు.’

బావగారు పగలబడి నవ్వారు. ప్రభువు ముందు నవ్వడం మర్యాద కాదు కదా, ఆయనకది మూడో ఉరుము.

కాబట్టి ప్రభువు పాత్ర మీలో హాస్యగాడికి ఇవ్వకండి. నవ్వు బిగపట్టగలిగినవారికే ఇవ్వండి. మాటల కోసం తడుముకునే పిల్లలను మొదటి ఆటలో ఆయన పక్కన మంత్రిగా కూర్చోబెట్టండి, రెండో ఆటకు వాళ్లే కార్డులు అడుగుతారు. పెట్టె కొననక్కరలేదు, అరవై ముక్కలు చాలు. శుభలేఖలు మందమైనవి చూసుకోండి. పలుచటివైతే వెనుక రాసింది ఎదుటివాళ్లకు కనబడిపోతుంది.