హెచ్‌సీఐ అంటే బొమ్మలు గీసే కోర్సా?

ప్రశ్న: బీటెక్ ఈసీఈ చేసి మూడేళ్లుగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. అమెరికాలో హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్‌లో (హెచ్‌సీఐ) మాస్టర్స్ చేయాలని ఉంది. కన్సల్టెన్సీకి వెళ్తే "అది బొమ్మలు గీసే కోర్సమ్మా, ఎంఎస్ సీఎస్‌కి పెట్టుకో" అన్నారు, నాన్నదీ అదే మాట. కోడింగ్ వచ్చు గానీ ఇష్టం లేదు. అప్లికేషన్‌కి పోర్ట్‌ఫోలియో, అంటే చేసిన పనుల నమూనాలు, కావాలంటున్నారు, నా దగ్గర ఏమీ లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: కన్సల్టెన్సీ వాళ్ల దగ్గర ఓ పది యూనివర్సిటీల జాబితా ఉంటుంది, వచ్చినవాళ్లందరి చేతిలో అదే పెడతారు, అందులో లేని కోర్సేదైనా వాళ్ల లెక్కలో స్కోప్ లేనిదే. దాని గురించి టెన్షన్ పడకండి. ఈ కోర్సులో అసలు పని ఏంటంటే, మనిషి ఒక స్క్రీన్ ముందు ఎక్కడ తడబడుతున్నాడో గమనించడం, ఎందుకో తేల్చడం, మార్చి మళ్లీ చూడటం. అందుకే ఇంటర్వ్యూ చేయడం నేర్పుతారు, ప్రోటోటైప్‌లు (తొలి నమూనాలు) కట్టిస్తారు, సైకాలజీ కొంత ఉంటుంది, స్టాటిస్టిక్స్ కూడా తప్పదు. 1954లో పాల్ ఫిట్స్ అనే సైకాలజిస్టు ఒక సూత్రం చెప్పారు: చెయ్యి చేరాల్సిన చోటు ఎంత దూరంగా, ఎంత చిన్నగా ఉంటే అంత ఎక్కువ సమయం పడుతుందని. డబ్బు పంపే బటన్ వెడల్పుగా, బొటనవేలికి అందేలా ఎందుకు పెడతారని క్లాసులో అడిగితే అక్కణ్నుంచే మొదలుపెడతారు. టెస్టింగ్ చేసినవాళ్లకి ఈ బుద్ధి సగం ఇప్పటికే అబ్బి ఉంటుంది. ఇన్నాళ్లూ సాఫ్ట్‌వేర్ పనిచేస్తోందా లేదా అని చూశారు, ఇకమీదట దాన్ని పట్టుకున్న మనిషి పని అవుతోందా లేదా అని చూస్తారు, అంతే.

కోడింగ్ ఇష్టం లేదన్నారు, సరే. దాన్నుంచి తప్పించుకోవడానికే ఈ దారి పట్టాలనుకుంటే మాత్రం ఇంకోసారి ఆలోచించండి, ఎందుకంటే కొన్ని చోట్ల ప్రోగ్రామింగ్ క్లాసు తప్పనిసరి, పైగా మీకున్న ఆ కోడింగే రేపు ఇంటర్వ్యూలో మిమ్మల్ని ఓ మెట్టు పైన నిలబెడుతుంది.

ఇక యూనివర్సిటీల సంగతి. ర్యాంకులు పక్కన పెట్టి, కోర్సు ఏ డిపార్ట్‌మెంట్ కింద నడుస్తోందో చూడండి, దాన్నిబట్టి చదువు స్వభావమే మారిపోతుంది. కార్నెగీ మెలన్‌లో అది కంప్యూటర్ సైన్స్ స్కూల్ కింద ఉంది (అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి గారు 1991 నుంచి 1999 దాకా ఆ స్కూల్‌కి డీన్, అక్కడ హెచ్‌సీఐ ఇన్‌స్టిట్యూట్ పుట్టింది ఆ రోజుల్లోనే, ఈ ముక్క నాన్నగారి చెవిన వేయండి, కాస్త మెత్తబడతారేమో). జార్జియా టెక్‌లో నాలుగు స్కూళ్లు కలిసి నడుపుతాయి: కంప్యూటింగ్, సైకాలజీ, ఇండస్ట్రియల్ డిజైన్, మీడియా. మీరు వాటిలో ఒకదాని ద్వారా లోపలికి వెళ్లాలి. మిషిగన్‌లో ఇన్ఫర్మేషన్ స్కూల్, వాషింగ్టన్ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ కాలేజీ. ఈసీఈ చదివి టెస్టింగ్ చేసిన మీకు మొదటిదీ చివరిదీ దగ్గరగా ఉంటాయని నా అభిప్రాయం.

ఇంకోటి, దీన్ని చాలామంది అక్కడికి వెళ్లాక గానీ పట్టించుకోరు. కార్నెగీ మెలన్ కోర్సు ఏడాదిలో అయిపోతుంది, వరసగా మూడు సెమిస్టర్లు, వేసవిలో కూడా ఒక బయటి సంస్థ ఇచ్చిన ప్రాజెక్టు మీదే పని. ఖర్చు ఒక ఏడాదితో సరిపోతుంది, బాగానే ఉంది, కానీ మధ్యలో వేసవి ఇంటర్న్‌షిప్‌కి ఖాళీ ఉండదు. జార్జియా టెక్‌లాంటి రెండేళ్ల కోర్సులో ఆ వేసవి దొరుకుతుంది. అమెరికాలో అసలు అనుభవమే లేని మీలాంటివాళ్లకి రెండేళ్లదే మేలంటాను, ఖర్చు ఎక్కువైనా సరే.

పోర్ట్‌ఫోలియో లేదని బెంగెందుకు? ఫిగ్మా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరో చేసిన ఫుడ్ డెలివరీ యాప్‌కి రంగులు మార్చి పెట్టేవాళ్లు వందల్లో ఉంటారు, చూసేవాళ్లకి విసుగొచ్చేసి ఉంటుంది. మీరు హైదరాబాద్ కరెంటు బిల్లు తీసుకోండి. దాని మీద సర్వీస్ కనెక్షన్ నంబర్ ఒకటి, యూనిక్ సర్వీస్ నంబర్ ఇంకొకటి ఉంటాయి. మీ హాస్టల్ ఆంటీనో, వాచ్‌మన్‌నో, పక్కింటి రిటైర్డ్ టీచర్‌నో కూర్చోబెట్టి ఫోన్‌లో బిల్లు కట్టమనండి, మీరు మాత్రం నోరు మెదపకండి. అదే అన్నిటికన్నా కష్టం, "అది కాదండీ, కింద నంబర్" అనబోయి నాలుక కరుచుకోవాలి. ఏ నంబర్ ముందు కొట్టారు, తప్పని వచ్చాక వేలు ఎక్కడికి వెళ్లింది, బిల్లుని ఎన్నిసార్లు తిప్పి చూశారు, అన్నీ రాసుకోండి. తర్వాత అదే యాప్‌ని తెలుగులోకి మార్చి చూడండి. ఇంగ్లిష్ అక్షరాల ఎత్తుకి కొలిచి పెట్టిన బటన్‌లో తెలుగు పదం పడితే ఒక్కోసారి కింద వత్తులు తెగిపోతాయి, 'విద్యుత్తు'లో రెండు వత్తులూ కత్తెరేసినట్టు పోయిన స్క్రీన్‌షాట్ ఒక్కటి దొరికిందంటే, తెలుగు ముక్క రాని ప్రొఫెసర్‌కి కూడా సమస్య ఏంటో ఇట్టే అర్థమవుతుంది. ఎంతమందితో చేయాలంటారా, ఐదుగురితో మొదలుపెట్టండి. ఐదుగురిని గమనిస్తే దాదాపు 85 శాతం సమస్యలు బయటపడతాయని ఈ రంగంలో నిపుణుడు జేకబ్ నీల్సన్ లెక్క, దానిమీద తర్వాత బోలెడు వాదనలు నడిచాయనుకోండి, అప్లికేషన్‌కి మాత్రం అది చాలు. దొరికిన తప్పులకి కాగితం మీద పెన్సిల్‌తో ఒక మార్పు గీసి, అదే మనుషులకి మళ్లీ చూపించి, రెండోసారీ కుదరకపోతే కుదరలేదనే రాయండి. ఇలాంటివి రెండు చేస్తే పోర్ట్‌ఫోలియో అయిపోయినట్టే.

ప్రశ్న: బీఏ సైకాలజీ చదువుతున్నాను. ఈ ఫీల్డ్‌లోకి రావచ్చా? విదేశాలకి పంపే స్తోమత ఇంట్లో లేదు. నాకు బొమ్మలు కూడా పెద్దగా రావు.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: భేషుగ్గా రావచ్చు, సైకాలజీ వాళ్లు ఇందులో మొదట్నుంచీ ఉన్నారు. మన దేశంలో దారి సీడ్ పరీక్ష, అంటే డిజైన్‌లో పీజీకి ప్రవేశ పరీక్ష, దాన్ని ఐఐటీ బాంబే నిర్వహిస్తుంది, జనవరిలో ఉంటుంది, పరీక్ష రాయడానికి ఏ డిగ్రీ అయినా కనీసం మూడేళ్లదైతే చాలు. ఐఐటీ బాంబేలోని ఐడీసీ అనే డిజైన్ స్కూల్ ఇంటరాక్షన్ డిజైన్ సీట్లు ఆ స్కోరుతోనే ఇస్తుంది, ఐఐటీ గువాహటి, సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్ కూడా ఎం.డిజైన్ సీట్లు దీంతోనే ఇస్తాయి, కాకపోతే మీ డిగ్రీకి సీటు ఇస్తారో లేదో ఆయా సంస్థ దగ్గర ముందే చూసుకోండి. ఫీజు అమెరికాతో పోలిస్తే లెక్కలోకే రాదు.

బొమ్మల సంగతి దాచకుండా చెప్తాను, ఇక్కడ మాత్రం అవి కావాలి. పార్ట్ ఏ కంప్యూటర్ మీద రాసేది, అది దాటితేనే పార్ట్ బి దిద్దుతారు, ఆ పార్ట్ బిలో చేత్తో గీయాలి. రవివర్మలా గీయక్కర్లేదు, బస్టాప్‌లో సంచులు పట్టుకుని నిలబడ్డ నలుగురిని పెన్సిల్‌తో గీస్తే వాళ్లేం చేస్తున్నారో ఎదుటివాడికి తెలియాలి, అంతే. రోజూ ఒకటి గీస్తూ పోతే ఏడాదిలో చెయ్యి తిరుగుతుంది.

ప్రశ్న: మా అమ్మాయికి ఈ కోర్సులో సీటు వచ్చింది, నలభై లక్షల లోన్ అంటున్నారు. ఉద్యోగం వస్తుందా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: అయ్యా, వస్తుందని ఎవరైనా గ్యారంటీ ఇస్తే వాళ్లని నమ్మకండి. 2022 చివర్నుంచీ టెక్ కంపెనీలు మనుషుల్ని తీసేసినప్పుడు ఈ కోర్సు చదివినవాళ్లు చేరే యూఎక్స్ (యూజర్ ఎక్స్‌పీరియన్స్) టీములకీ గట్టి దెబ్బే తగిలింది, కొత్తవాళ్లకి తలుపులు ఇరుకయ్యాయి, హెచ్‌1బి నిబంధనలు చూస్తే ఎప్పుడు ఎలా మారతాయో చెప్పలేని పరిస్థితి. ఇల్లు తాకట్టు పెట్టి తీసుకునే లోనైతే నేను వద్దనే అంటాను. జర్మనీలోని వైమార్‌లో బౌహౌస్ యూనివర్సిటీ ఇదే సబ్జెక్టుని ఇంగ్లిష్‌లో నేర్పుతుంది, అక్కడ ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్‌కి కొంత కట్టాలి, ఏడాది ఖర్చుకి సరిపడా డబ్బు ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకింత అని మాత్రమే తీసుకోగలిగే ఖాతా) చూపించాలి, అంతే. అమ్మాయి బీటెక్ కంప్యూటర్స్ అయితే వచ్చే ఏడాదికి అదీ పరిశీలించండి.

అమెరికాకే పంపుతానంటే ఒక్క పని చేయండి. వీసా కోసం యూనివర్సిటీ పంపే ఐ-20 పత్రంలో మేజర్ (ప్రధాన సబ్జెక్టు) పేరు పక్కన ఒక కోడ్ ఉంటుంది. ఆ కోడ్ అమెరికా ప్రభుత్వం పెట్టిన స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉంటే చదువయ్యాక 12 నెలలకి తోడు ఇంకో 24 నెలలు అక్కడ పనిచేసుకోవచ్చు, లేకపోతే 12 నెలలతో సరి. 2022 జనవరిలో ఆ జాబితాకి 22 సబ్జెక్టులు చేర్చినప్పుడు హ్యూమన్ సెంటర్డ్ టెక్నాలజీ డిజైన్ కూడా చేరింది, కానీ ఏ కోర్సుకి ఏ కోడ్ అనేది యూనివర్సిటీ ఇష్టం, పేర్లు ఒకేలా ఉన్నా కోడ్‌లు వేరుగా ఉండొచ్చు. అమ్మాయి చేత యూనివర్సిటీకి మెయిల్ పెట్టించి, జవాబు రాతపూర్వకంగా వచ్చాకే బ్యాంకుకి వెళ్లండి.