బాల్కన్ దేశంలో పెద్ద కొండ బాల్కన్‌లో లేదా?

ప్రశ్న: మా చిన్నోడు ఎంబీబీఎస్‌కి బల్గేరియా పోతున్నాడు. అక్కడన్నీ కొండలేనంట కదా, అన్నిటికంటే ఎత్తైనది బాల్కన్ పర్వతాల్లోనే ఉంటుందా? (ఒక పాఠకురాలు, కర్నూలు)

జవాబు: అక్కడే అందరూ పొరపడతారమ్మా. బాల్కన్ పర్వతాలు దేశానికి అడ్డంగా, పడమటి నుంచి నల్లసముద్రం దాకా పోతాయి, అక్కడివాళ్లు వాటిని స్తారా ప్లానినా, అంటే పాత కొండ అంటారు, అయినా వాటిలో పెద్దదైన బోతెవ్ 2,376 మీటర్లే. దేశంలోకెల్లా ఎత్తైనది ముసాలా, 2,925 మీటర్లు. అది రాజధాని సోఫియాకి దక్షిణాన రీలా పర్వతాల్లో ఉంది. బాల్కన్ ద్వీపకల్పం మొత్తానికీ అదే పెద్దది, గ్రీసు ఒలింపస్ కంటే ఏడెనిమిది మీటర్లే ఎక్కువ! 1949 నుంచి 1962 దాకా దీన్ని స్టాలిన్ శిఖరం అన్నారు, తర్వాత పాత పేరే వచ్చింది, అదే మంచిది.

నాకు ఇష్టమైనది మాత్రం పిరిన్ పర్వతాల్లోని విహ్రెన్, 2,914 మీటర్లు. అదంతా పాలరాయి. మన బేతంచెర్ల బండలున్నాయే, ఆ సున్నపురాయి జాతే భూమి లోపల వేడికీ ఒత్తిడికీ మారితే పాలరాయి అవుతుంది. పైభాగంలో చెట్టనేది లేకుండా తెల్లగా, బోసిగా నిలబడి ఉంటుంది.

బాబుకి మందపాటి స్వెటర్లు, మంచి బూట్లు తప్పకుండా సర్దండి. టెన్షన్ పడకండి, వాళ్లు చదువుకునే ఊళ్లు ఆ శిఖరాల కంటే చాలా కిందే ఉంటాయి.