మొవ్వు కుళ్ళిందంటే కారణం శిలీంధ్రమేనా?

ప్రశ్న: తాటి, కొబ్బరి, ఖర్జూరం వంటి తాళజాతి చెట్ల తెగుళ్ళ గురించి చదువుతుంటే, ఆకులు పసుపుబారి మొవ్వు వాలిపోవడానికి ఒకచోట శిలీంధ్రం, మరొకచోట ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి కారణమని రాశారు. కుళ్ళిన ముక్కను ప్రయోగశాలకు పంపితే కారకం వెంటనే తేలిపోవాలి కదా? ఈ పరిశోధనలు ఏళ్ళ తరబడి ఎందుకు సాగుతాయి?

జవాబు: కుళ్ళిన చోట దొరికినదల్లా తెగులు కారకం కాదు. చాలాసార్లు అది చెట్టు నీరసించాక వచ్చి చేరిన జీవి మాత్రమే. అందుకే పరిశోధకులు బాగా కుళ్ళిన భాగాన్ని వదిలేసి, ఆరోగ్యంగా ఉన్న కణజాలానికీ గోధుమరంగుకు తిరిగిన కణజాలానికీ నడుమనున్న అంచులోంచి చిన్న చిన్న ముక్కలు కోసి, వాటి పైభాగాన్ని సోడియం హైపోక్లోరైట్‌తో శుద్ధిచేసి, శుభ్రమైన నీటితో కడిగి, సూక్ష్మజీవులను పెంచడానికి వాడే అగర్ అనే జెల్లీ పోసిన పళ్ళెంలో పెడతారు. ఇంత జాగ్రత్త పడినా, మూడోనాటికి పళ్ళెమంతా కమ్ముకునేది చురుగ్గా పెరిగే ఏదో మామూలు బూజే కావచ్చు. నిదానంగా పెరిగే అసలు కారకం దాని చాటున కనబడకుండా పోతుంది. వేరుచేసిన జీవిని ఆరోగ్యమైన మొక్కకు ఎక్కించి, అదే తెగులు పుట్టించి, ఆ మొక్కలోంచి మళ్ళీ అదే జీవిని రాబట్టినప్పుడే రుజువైనట్టు లెక్క. రాబర్ట్ కోచ్ పేరుతో ప్రసిద్ధమైన ఈ నియమాన్ని నెలల్లో ఎదిగే పైరు మీద పాటించడం ఒక ఎత్తు, ఏళ్ళకు గాని ఎదగని చెట్టు మీద పాటించడం మరొక ఎత్తు.

కారకం దొరికాక కూడా అది ఏ వర్గానిదన్న ప్రశ్న మిగులుతుంది. గత శతాబ్దపు తొలి ఏళ్ళలో గోదావరి డెల్టాలో తాటిచెట్లకు వచ్చిన మొవ్వుకుళ్ళును పరిశీలించిన శిలీంధ్ర శాస్త్రవేత్త ఇ.జె. బట్లర్, దాని కారకాన్ని 1907లో పిథియం ప్రజాతి కింద వర్ణించి, 1919లో తానే ఫైటోఫ్తొరా ప్రజాతిలోకి మార్చారు. నేడు మనం ఫైటోఫ్తొరా పామివోరా అంటున్నది దానినే. పోగుల్లా పెరుగుతుంది కనుక చూడడానికి శిలీంధ్రంలాగే ఉన్నా, ఇది నిజమైన శిలీంధ్రం కాదు. దీని కణకవచంలో ప్రధానంగా ఉండేది శిలీంధ్రాల కణకవచంలో ఉండే కైటిన్ కాదు, సెల్యులోజ్, దానికి దగ్గరి పదార్థాలు. పైగా తడి ఉంటే చాలు, దీని సిద్ధబీజాలు కొరడాల్లాంటి రెండేసి కశాభాలతో ఈదుకుంటూ పోతాయి. ఇదేదో పేర్ల తగాదా అనుకోకండి: శిలీంధ్రాల కణపొరలో ఉండే ఎర్గోస్టెరాల్ అనే పదార్థం తయారీని అడ్డుకునే మందులు దీనిమీద పనిచేయవు, బోర్డో మిశ్రమం వంటి రాగి మందులు మాత్రం పనిచేస్తాయి.

ఫైటోప్లాస్మాల కథ వేరు. కణకవచమే లేని ఈ బాక్టీరియాలు మొక్కలో ఆహారాన్ని మోసే పోషక కణజాలంలోనూ, రసం పీల్చే కీటకాల ఒంట్లోనూ బతుకుతాయే తప్ప మామూలు అగర్ మీద పెరగవు. 1967లో జపాన్ శాస్త్రవేత్తలు వీటిని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో గుర్తించేదాకా, ఇవి కలిగించే తెగుళ్ళను వైరస్‌లకు అంటగట్టేవారు. కొబ్బరిని చంపే పసుపు తెగులులో కాండంలోకి బాక్టీరియాలను అణచే టెట్రాసైక్లిన్ మందు ఎక్కిస్తే లక్షణాలు కొంతకాలం అణగడం, కారకం వైరస్ కాదనడానికి ఒక ఆధారమైంది. ఇక ఫిలిప్పీన్స్‌లో కొబ్బరిని నాశనం చేసిన కడంగ్-కడంగ్ తెగులు వెనుక ఉన్నది కణం కూడా కాదు. ప్రోటీన్ తొడుగైనా లేని, సుమారు 246 న్యూక్లియోటైడ్ల వలయాకార ఆర్‌ఎన్‌ఏ, అంటే వైరాయిడ్.

తాళజాతి చెట్ల కాండాన్ని మొదట్లో కుళ్ళబెట్టే గానోడెర్మాది ఇందుకు పూర్తిగా విరుద్ధం: అది నిఖార్సయిన శిలీంధ్రం, పైగా కంటికి కనబడుతుంది, కానీ ఆలస్యంగా. కాండం మొదట్లో ముందు తెల్లని బొత్తాంలా పొడుచుకువచ్చి, తరువాత పైన లక్క పూసినట్టు ఎర్రగోధుమ రంగుకు తిరిగి, అడుగునుంచి గోధుమరంగు సిద్ధబీజాల పొడి రాల్చే ఆ పుట్టగొడుగు బయటికి వచ్చేసరికి లోపలి దారువు చాలామేరకు కుళ్ళిపోయి ఉంటుంది. తాళజాతి కాండంలో కొత్త దారువును పుట్టించే విభాజ్యకణపొర (కేంబియం) ఉండదు గనుక చెట్టు కొత్త దారువును కట్టుకోలేదు, గాయం పూడదు.

డీఎన్‌ఏ పరీక్షలు వచ్చాక పని తేలికైంది గాని, నమూనా ఎక్కడినుంచి తీశారన్నది ఇప్పటికీ ముఖ్యమే. ఫైటోప్లాస్మా చెట్టంతా సమానంగా వ్యాపించి ఉండదు కనుక, ఆకుముక్క పంపితే లేదని రావచ్చు. ఈ కారణంగానే పసుపు తెగులు అనుమానం ఉన్నచోట, శుద్ధిచేసిన బరమాతో కాండానికి చిన్న రంధ్రం చేసి, అందులోంచి రాలిన పొట్టును సేకరించి పరీక్షకు పంపుతారు.